"ఒక్క కప్పేగా" అనే వాళ్ళతో నా తగువు

మార్చి నెల సగానికి వచ్చేసరికి మా ఆఫీసులో ప్రతివాళ్ళ బల్ల మీదా ఒక బ్రాకెట్ కాగితం కనిపిస్తుంది. కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటులో ఎవరి మీద ఎవరు గెలుస్తారో ముందే రాసేసి, తలా ఐదు డాలర్లు వేసుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నేను ఒకటే పని చేస్తున్నాను. మిగతా కాగితం ఎలా నింపినా, మిషిగన్ స్టేట్ జట్టుని మాత్రం కనీసం రెండో వారాంతం దాకా తీసుకెళ్తాను. పక్క సీటు మిత్రుడు ఆన్ ఆర్బర్‌లో, అంటే మాకు పోటీ అయిన మిషిగన్ యూనివర్సిటీలో, చదివిన తెలుగువాడు. ప్రతి ఏడూ నా కాగితం మీదికి వంగి చూసి అదే మాట అంటాడు: "ఎన్నాళ్ళు బాబూ ఈ భక్తి? మీ కోచ్ ఇజ్జోకి వచ్చింది ఒక్క కప్పేగా! అదీ 2000లో."

నేను చెప్పాలనుకున్న జవాబు కాఫీ చల్లారేలోపు ఎప్పుడూ పూర్తికాదు. అందుకే ఇక్కడ కూర్చుని రాస్తున్నాను.

టామ్ ఇజ్జో 1995లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి హెడ్ కోచ్ అయ్యాడు. మొదటి రెండేళ్ళూ పెద్ద టోర్నమెంటులో జట్టుకి చోటు దొరకలేదు. 1998లో దొరికింది. అప్పటి నుంచి 2025 దాకా ఒక్క ఏడు కూడా తప్పలేదు. కోవిడ్ వల్ల టోర్నమెంటే జరగని 2020ని వదిలేస్తే, వరసగా 27 సార్లు. ఒకే కోచ్ ఇన్నిసార్లు వరసగా జట్టుని తీసుకెళ్ళడం ఇంతకుముందు ఎన్నడూ లేదు. డ్యూక్ కోచ్ మైక్ షెషెఫ్‌స్కీ పేరున ఉన్న 24 వరసల రికార్డుని ఇజ్జో 2023లో దాటాడు. ఆ 27 సార్లలో ఎనిమిదిసార్లు ఆఖరి నాలుగు జట్లలో, అంటే ఫైనల్ ఫోర్‌లో, నిలిచాడు: 1999, 2000, 2001, 2005, 2009, 2010, 2015, 2019. ఇక్కడి అభిమానులు నెలల పేర్లని "జనవరి, ఫిబ్రవరి, ఇజ్జో, ఏప్రిల్" అని చెప్పుకుంటారు. మార్చి నెలని ఒక మనిషికి రాసిచ్చేశారన్నమాట.

ఈ ఆట సంగతి అంతగా తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. దేశం మొత్తం మీద మొదటి శ్రేణి కాలేజీ జట్లు 360కి పైగా ఉన్నాయి. నవంబరు నుంచి మార్చి మొదలు దాకా ఆడి, వాటిలో 68 జట్లు టోర్నమెంటుకి వస్తాయి. మూడు వారాంతాలు. ఒక్క ఆట ఓడితే పెట్టె సర్దుకోవాలి. మన సిరీస్‌ల లాగా మొదటిది పోయినా తర్వాతది గెలిచి సమం చేసే వీల్లేదు. ఆడేది పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ళ పిల్లలు. ఒకడికి ఆ రోజు జ్వరం, ఒకడి మడమ బెణికింది, ఎదుటి జట్టులో ఎవరూ పేరు విననివాడు ఆ సాయంత్రం వేసిన ప్రతి బంతీ బుట్టలో పడింది. అంతే, అయిదు నెలల కష్టం నలభై నిమిషాల్లో మట్టి.

నాకౌట్ ఎంత కఠినమో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2023 ప్రపంచ కప్పులో మన క్రికెట్ జట్టు వరసగా పది మ్యాచులు గెలిచింది. నవంబరు 19న అహ్మదాబాద్‌లో పదకొండోది ఓడింది. పదిరోజులపాటు ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఆ జట్టు చెడ్డదని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా?

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఇంజనీరుని కాబట్టి లెక్క లేకుండా వాదించడం నాకు చేతకాదు. ఒక జట్టు చాలా గొప్పదే అనుకుందాం. ప్రతి ఆటలోనూ నూటికి ఎనభై వంతులు అదే గెలుస్తుందని అనుకుందాం. అలాంటి జట్టు కూడా నాలుగు ఆటలు వరసగా గెలిచి ఆఖరి నలుగురిలో నిలబడే అవకాశం నూటికి 41. ఆరు ఆటలూ గెలిచి కప్పు ఎత్తే అవకాశం నూటికి 26. నిజానికి ముందుకు పోయేకొద్దీ ఎదురుపడే జట్లు గట్టివి కాబట్టి ఆ ఎనభై ఏ జట్టుకీ నిలవదు. డెబ్భై అనుకుంటే ఆఖరి నలుగురిలో చేరే అవకాశం నూటికి 24కి పడిపోతుంది, కప్పుకి 12 కూడా ఉండదు. జట్లన్నీ సమానమే, చీటీలు తీసి నిర్ణయిస్తారు అనుకుంటే 27 టోర్నమెంట్లలో ఒక కోచ్‌కి దక్కాల్సిన ఫైనల్ ఫోర్‌లు రెండు కూడా కావు. ఇజ్జోకి దక్కినవి ఎనిమిది.

మరి ఎనిమిదిసార్లు అక్కడికి వెళ్ళి ఒక్కసారే గెలిచాడేం? ఇదే కదా మా మిత్రుడి అసలు ప్రశ్న. ఆ నాలుగు జట్లూ ఇంచుమించు సమానం అనుకుంటే, ఎనిమిదిసార్లకి రావలసినవి రెండు కప్పులు. వచ్చింది ఒకటి. ప్రతిసారీ సెమీఫైనల్, ఫైనల్ రెండూ నాణెం ఎగరేసి తేల్చినా, ఎనిమిది ప్రయత్నాల్లో ఒక కప్పు లేదా సున్నా రావడం నూటికి 37 సార్లు జరుగుతుంది. మూడోవంతుకి పైగా. అంటే "ఒక్క కప్పేగా" అని దెప్పుతున్న ఆ లోటంతా కలిపితే ఒక్క కప్పు, ఒకటి రెండు సాయంత్రాల అదృష్టం. ఇటువైపు, ఎనిమిదిసార్లు అక్కడిదాకా వెళ్ళడాన్ని అదృష్టం అని ఏ లెక్కా చెప్పదు.

కప్పు ఎవరికి వచ్చిందో చూసి కోచ్‌ని తూచడం, ఎంసెట్ రోజున పిల్లవాడికి జ్వరం వస్తే ఏడాదంతా పాఠం చెప్పిన మాస్టారిని తూచడం లాంటిది. ఇది నాకు పుస్తకాలు చదివి తెలిసిన సంగతి కాదు, మా ఇంట్లోనే చూసింది. మా నాన్న చీరాల దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆడపిల్లల కబడ్డీ జట్టుని తయారుచేసేవారు. పొలం పనులకి వెళ్ళే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు. మా వీధిలో మైదానం అనబడేది రెండు వేపచెట్ల మధ్య ఉన్న ఇసక పర్ర. ఆ పిల్లలు దాదాపు ప్రతి ఏడూ మండలం దాటి జిల్లా పోటీల ఆఖరి రోజు దాకా వెళ్ళేవాళ్ళు. కప్పు మాత్రం ఒక్కసారే వచ్చింది. ఊళ్ళో పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని, "మాస్టారూ, ఈసారైనా కప్పు వస్తుందా, లేక మళ్ళీ తీర్థయాత్రేనా?" అనేవాళ్ళు. నాన్న నవ్వి ఊరుకునేవారు. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. పోటీకి ముందురోజు రాత్రి నాన్న ఏం చేసేవారో వాళ్ళకి తెలియదు. అవతలి జట్టు సెమీఫైనల్ ఆడుతుంటే మన జట్టులోంచి ఒక పెద్దపిల్లని గీత పక్కన కూర్చోబెట్టేవారు. వాళ్ళ మేటి ఆటగత్తె కూతకి వచ్చేటప్పుడు ఏ కాలు ముందు వేస్తుంది, ఊపిరి అయిపోయేముందు ఏ వైపు తిరుగుతుంది, ఇవి మాత్రమే చూసి రమ్మనేవారు. రాత్రి పోటీలు జరిగే బడి వరండాలో చాపలు పరచుకుని, లాంతరు పక్కన పెట్టుకుని, ఆ పిల్ల చూసింది చూసినట్టు చేసి చూపించేది. మిగతావాళ్ళు పట్టు వేసేవాళ్ళు.

2008లో ఎమ్మెస్ చదవడానికి ఈస్ట్ లాన్సింగ్‌లో దిగినప్పుడు నాకు బాస్కెట్‌బాల్ అంటే పొడుగువాళ్ళు ఆడే ఆట అని మాత్రమే తెలుసు. స్పార్టన్ విలేజ్ అపార్టుమెంట్లో ముగ్గురం తెలుగువాళ్ళం ఉండేవాళ్ళం. టికెట్ల కోసం విద్యార్థులు మైదానంలో డేరాలు వేసుకుని రాత్రంతా పడుకునే ఒక ఆచారం అక్కడ ఉంది. ఇజ్జో స్వయంగా వచ్చి ఆ డేరాల మధ్య తిరుగుతాడు. నేను దూరం నుంచే చూశాను. పొట్టి మనిషి. ఆట ఆడినవాడిలా కాదు, మన ఊరి ధాన్యం కమిషన్ వ్యాపారిలా హడావిడిగా, అందరినీ పలకరిస్తూ, ఒక చోట నిలవకుండా.

ఆ ఏడాది మిషిగన్ ఎలా ఉందో ఇక్కడ ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కార్ల కంపెనీలు కూలుతున్నాయి. 2009 ఏప్రిల్ చివర క్రైస్లర్, జూన్ ఒకటిన జనరల్ మోటార్స్ దివాలా కాగితాలు పెట్టాయి. మాకు ఇంటర్న్‌షిప్ ఇస్తామన్న చోటల్లా తలుపులు మూసుకున్నాయి. రాత్రిళ్ళు మేం ముగ్గురం విమానం ఛార్జీలు లెక్కవేసుకునేవాళ్ళం. సరిగ్గా ఆ ఏప్రిల్‌లోనే ఫైనల్ ఫోర్ డెట్రాయిట్ ఫోర్డ్ ఫీల్డులో జరిగింది, మిషిగన్ స్టేట్ అక్కడికి చేరింది. సెమీఫైనల్లో కనెక్టికట్‌ని 82-73తో ఓడించింది. ఫైనల్ నాడు ఆ హాలులో 72,922 మంది. నార్త్ కరోలినా చేతిలో 89-72తో ఓడిపోయాం. మొదటి సగంలోనే ఆట చేయి దాటింది. అయినా మర్నాడు క్యాంపస్ బస్సులో ఎవరి ముఖమూ దిగులుగా లేదు. ఉద్యోగం పోయిన తండ్రి ఉన్న పిల్లలు ఆ బస్సులో ఎంతమందో. వాళ్ళ ఊరికి మూడు రోజులపాటు ఎవరో వచ్చి గొడుగు పట్టినట్టు ఉంది.

ఓడిన సంగతి ఒప్పుకుంటూనే ఒక వివరం చెప్పాలి. అదే నార్త్ కరోలినా చేతిలో, అదే ఫోర్డ్ ఫీల్డులో, నాలుగు నెలల ముందు డిసెంబరులో ఈ జట్టు 35 పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడింది. ఆ రోజు చూసినవాళ్ళెవరూ ఏప్రిల్‌లో మళ్ళీ వీళ్ళు ఇక్కడ ఉంటారని అనుకుని ఉండరు. డిసెంబరులో అలా దెబ్బతినడం ఇజ్జో పద్ధతిలో ఒక భాగం. గెలుపోటముల పట్టిక అందంగా ఉండాలని బలహీనమైన జట్లని పిలిచి ఓడించుకునే కోచ్‌లు ఉన్నారు. ఇతను నవంబరు, డిసెంబరుల్లోనే డ్యూక్, కెంటకీ, కాన్సస్ లాంటివాళ్ళతో ఆడతాడు. 2011 నవంబరులో అయితే శాన్ డియేగోలో కార్ల్ విన్సన్ యుద్ధనౌక మీద నార్త్ కరోలినాతో ఆడి ఓడొచ్చారు. ఈ ఓటముల వల్ల మార్చిలో సీడ్ (బలాన్ని బట్టి టోర్నమెంటులో జట్టుకిచ్చే వరస సంఖ్య, ఒకటి అంటే మేటి) తగ్గుతుంది, దారి కష్టమవుతుంది. ఇజ్జోకి అది తెలుసు. తెలిసే ఆ బేరం ఒప్పుకుంటాడు. మార్చిలో ఎదురయ్యే ప్రతి రకం ఆటనీ కుర్రాళ్ళు ముందే ఒకసారి చూసేసి ఉంటారు.

2014-15 చూడండి. డిసెంబరులో సొంత మైదానం బ్రెస్లిన్ సెంటర్‌లో టెక్సస్ సదరన్ అనే చిన్న జట్టు చేతిలో ఓవర్‌టైమ్‌లో ఓడిపోయారు. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపులో జరిగిన సంతాప సభ నాకు ఇంకా గుర్తుంది. టోర్నమెంటులో ఏడో సీడ్ ఇచ్చారు. జార్జియా, రెండో సీడ్ వర్జీనియా, మూడో సీడ్ ఓక్లహోమా, నాలుగో సీడ్ లూయివిల్. వరసగా నలుగురినీ దాటి ఏప్రిల్‌లో ఆఖరి నలుగురిలో నిలబడ్డారు. ఎనిమిది ఫైనల్ ఫోర్‌లలో మూడు ఇలాంటివే: 2005లోనూ 2010లోనూ అయిదో సీడ్, 2015లో ఏడో సీడ్. ఇవి జట్టులో సరుకు ఉంది కాబట్టి దానంతటదే జరిగినవి కావు.

మరి ఎలా జరిగాయి? టోర్నమెంటు వారాంతంలో మొదటి ఆటకీ రెండో ఆటకీ మధ్య ఒక్కటే రోజు. గురువారం రాత్రి గెలిస్తే శనివారం ఇంకొకళ్ళతో. ఎదుటివాళ్ళెవరో గురువారం రాత్రి దాకా తెలియదు. మనవాళ్ళు ఆడుతుండగానే అసిస్టెంట్ కోచ్‌లు తర్వాత ఎదురవగల రెండు జట్ల వీడియోలూ తిప్పి, రెండు దస్త్రాలూ సిద్ధం చేసి ఉంచాలి. రాత్రి ఏ పదకొండింటికో జట్టు హోటలుకి వస్తుంది. పెళ్ళిళ్ళు జరిగే పెద్ద హాలులో కుర్చీలు పక్కకి నెట్టి, తివాచీ మీద టేపు అంటించి కోర్టు గీసుకుంటారు. చెప్పులతో, సాక్సులతో, బంతి కూడా ఎగరేయకుండా, ఎదుటి జట్టు ఎత్తులన్నీ నడుస్తూ చేసి చూస్తారు. వాడు ఇటు వస్తే నువ్వు ఇక్కడ అడ్డం నిలబడు, బంతి ఆ మూలకి వెళ్తే నువ్వు వెనక్కి రా. మా నాన్న వరండాలో పరిచిన చాపలకీ ఆ తివాచీకీ నాకు తేడా కనిపించదు. ఇజ్జో జట్లు వారాంతపు రెండో ఆటలో ప్రమాదకరం అని ఈ ఆట తెలిసినవాళ్ళందరూ ఏళ్ళుగా అంటున్నది ఈ ఒక్క రోజు పని వల్లే.

పద్ధతి ఒక్కటే చాలదు, ఒళ్ళు కూడా వంగాలి. బుట్ట తప్పిన బంతి కోసం కొట్లాడడం, అంటే రీబౌండ్, ఇజ్జో మతం. ప్రాక్టీసులో కుర్రాళ్ళకి అమెరికన్ ఫుట్‌బాల్ హెల్మెట్లు, భుజాల రక్షణలు తొడిగి రీబౌండ్లకి వదిలిన మనిషి ఇతను. ఆ డ్రిల్లుకి పెట్టిన పేరే "యుద్ధం". షాట్లు పడని రోజులుంటాయి. చేతి గురి మన చెప్పుచేతల్లో ఉండదు. తప్పిన బంతి కోసం ఎవడు ముందు ఎగురుతాడన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. నాకౌట్‌లో బతకాలంటే మన చేతిలో ఉన్నదాన్ని పెంచుకోవాలి కదా.

2000 సంవత్సరపు కప్పు నేను చూడలేదు, తర్వాత వీడియోల్లో చూశాను. నాయకుడు మటీన్ క్లీవ్స్ పాదంలో ఎముక చిట్లి ఆ సీజన్ మొదటి 13 ఆటలూ ఆడలేదు. ఫ్లింట్ అనే కార్ఖానాల ఊరి కుర్రాళ్ళు క్లీవ్స్, మారిస్ పీటర్సన్, చార్లీ బెల్ ఆ జట్టుకి వెన్నెముక. ఆరు ఆటలూ పది పాయింట్లకి పైగా తేడాతో గెలిచారు. ఫైనల్లో ఫ్లోరిడాతో ఆడుతుండగా రెండో సగంలో క్లీవ్స్ మడమ మడతపడింది. లోపలికి తీసుకెళ్ళారు. కట్టు కట్టించుకుని కుంటుతూ తిరిగి వచ్చాడు. 89-76. ఆ తర్వాత 2025 దాకా ఇజ్జో జట్టు ఆడే బిగ్ టెన్ అనే కాలేజీల కూటమి (కాన్ఫరెన్సు) నుంచి ఏ జట్టూ కప్పు గెలవలేదు. అది ఇజ్జో ఒక్కడి లోటు కాదని కూడా మా మిత్రుడు గుర్తుపెట్టుకోవాలి.

నాకు ఆ కప్పు కంటే 2010 మార్చి 21 ఎక్కువ. స్పొకేన్‌లో మేరీలాండ్‌తో రెండో రౌండు. మేటి ఆటగాడు కేలిన్ లూకస్ మొదటి సగంలోనే మడమ వెనక నరం తెగి బయటికి వెళ్ళిపోయాడు. మోకాలు దెబ్బతిన్న డెల్వన్ రో అలాగే ఆడుతున్నాడు. చివర్లో ఆధిక్యం కరిగిపోయింది. ఆరున్నర సెకన్లు ఉన్నాయనగా మేరీలాండ్ ఒక పాయింటు ముందుకెళ్ళింది, 83-82. మా ముగ్గురిలో ఒకడు టీవీ వైపు వీపు తిప్పి గోడవైపు నిలబడ్డాడు. డ్రేమండ్ గ్రీన్ బంతి అందుకుని పరుగెత్తాడు, ఎడమవైపున్న కోరీ లూషస్‌కి విసిరాడు. ఆ బంతి దారిలో డెల్వన్ రో నిలబడి ఉన్నాడు. కుంటుతున్న రో సరిగ్గా ఆ క్షణంలో తల వంచాడు. బంతి వాడి జుట్టు మీద నుంచి వెళ్ళింది. లూషస్ అందుకుని, మీదికి ఎగిరివచ్చినవాడిని ఒక్క డ్రిబుల్‌తో తప్పించి, మూడు పాయింట్ల గీత బయట నుంచి వేశాడు. బంతి గాలిలో ఉండగా ఎర్రలైటు వెలిగింది. 85-83.

ఆ షాట్ అందరికీ గుర్తుంటుంది. నాకు ఆ తల వంచడం గుర్తుంటుంది. లూకస్ లేకుండానే తర్వాతి వారం సెయింట్ లూయిస్‌లో నార్తర్న్ అయోవాని, టెనెసీని దాటారు. టెనెసీ మీద గెలుపు 70-69. ఇండియానాపొలిస్‌లో బట్లర్ చేతిలో ఓడినది రెండంటే రెండు పాయింట్ల తేడాతో, 52-50. మేటి ఆటగాడు మంచం మీద ఉండగా ఫైనల్‌కి రెండు పాయింట్ల దూరం దాకా వెళ్ళిన ఆ ఏడాదిని కప్పుల లెక్కలో రాస్తే సున్నా. అలాంటి లెక్క నాకు అక్కర్లేదు.

తప్పులు లేవా అంటే, ఉన్నాయి. 2016లో రెండో సీడ్‌తో వచ్చి, ఆ ఏటి అసోసియేటెడ్ ప్రెస్ ఉత్తమ ఆటగాడు డెంజెల్ వాలెంటైన్ జట్టులో ఉండి కూడా, పదిహేనో సీడ్ మిడిల్ టెనెసీ చేతిలో మొదటి రౌండులోనే 90-81తో ఓడిపోయాం. ఆ రోజు ఆఫీసులో నేను మధ్యాహ్నం నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. 2018లో మైల్స్ బ్రిడ్జెస్, జారెన్ జాక్సన్ ఉన్న జట్టు సొంత రాష్ట్రంలో, డెట్రాయిట్‌లో, సిరాక్యూస్ మీద 53 పాయింట్లే చేయగలిగింది, ప్రత్యర్థి 55. అవతలివాళ్ళ జోన్ డిఫెన్స్‌ని (మనిషిని కాక చోటుని కాసే రక్షణని) ఛేదించే దారి ఆ రోజు మా కోచ్‌కి దొరకలేదు. అది కోచింగ్ తప్పే. 2021లో ప్రిలిమినరీ ఆటలో యూసీఎల్ఏ మీద సగం ఆటకి 11 పాయింట్లు ముందుండి కూడా ఓవర్‌టైమ్‌లో చేజార్చుకున్నారు.

ఇంకొకటి అరుపులు. 2019లో మొదటి రౌండులో బ్రాడ్లీతో ఆడుతుండగా, కొత్తగా చేరిన ఆరన్ హెన్రీ మీదికి ఇజ్జో వెళ్ళిన తీరు, మిగతా కుర్రాళ్ళు అడ్డంపడి ఆపిన తీరు దేశమంతా చూసింది. హెన్రీ తన కోచ్‌నే వెనకేసుకొచ్చాడు. చాలామంది అభిమానులు కూడా. నాకు మాత్రం అది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. పిల్లల దగ్గర గొంతు పెంచకుండా పని చేయించుకున్న మనిషిని ఇంట్లో చూసి పెరిగాను. అభిమానం ఉన్నంత మాత్రాన కళ్ళు మూసుకోవాల్సిన పనిలేదు. అయితే ఆ ఒక్క అరుపునే మనిషి మొత్తం అనుకుంటే, ఆ కుర్రాళ్ళు పెద్దవాళ్ళయ్యాక ప్రతి వేసవిలోనూ ఈస్ట్ లాన్సింగ్‌కి ఎందుకు తిరిగొస్తున్నారో అర్థం కాదు. పాత ఆటగాళ్ళే అసిస్టెంట్ కోచ్‌లై పక్కన కూర్చుంటారు. 2000 నాటి జట్టులో ఆడిన జేసన్ రిచర్డ్‌సన్ తన కొడుకు జేస్‌ని 2024లో ఇదే మనిషి చేతిలో పెట్టాడు. తను పడ్డ తిట్లన్నీ గుర్తున్న తండ్రి చేసిన పని అది.

ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏ పిలవలేదా అంటే, పిలిచింది. 2000లో అట్లాంటా, 2010లో క్లీవ్‌లాండ్. వెళ్ళలేదు. ఐరన్ మౌంటెన్ అనే గనుల ఊళ్ళో, బూట్లు బాగుచేసే దుకాణం ఉన్న ఇంట్లో పుట్టాడు. ఇష్పెమింగ్ అనే చిన్న ఊరి హైస్కూల్లో కోచ్‌గా మొదలుపెట్టాడు. 1983లో ఈ యూనివర్సిటీకి పార్ట్‌టైమ్ అసిస్టెంటుగా వచ్చాడు. పన్నెండేళ్ళు జడ్ హీత్‌కోట్ కింద పనిచేశాక హెడ్ కోచ్ అయ్యాడు. ఆ పన్నెండేళ్ళనీ ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

2019 మార్చిలో మా నాన్న మిషిగన్ వచ్చారు. రిటైరయ్యాక మొదటిసారి. ఇంకా మంచు కరగలేదు, రోజంతా మఫ్లరు కట్టుకుని సోఫాలోనే ఉండేవారు. 31వ తేదీ ఆదివారం సాయంత్రం డ్యూక్‌తో ఆట. గెలిస్తే ఫైనల్ ఫోర్. డ్యూక్‌లో జయన్ విలియమ్‌సన్, ఆర్‌జే బారెట్, కామ్ రెడ్డిష్. మూడు నెలల తర్వాత ఎన్‌బీఏ డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే చోట, ఒకటి, మూడు, పది స్థానాల్లో వెళ్ళిన పిల్లలు. మా జట్టులో ఇద్దరు ముఖ్యులు గాయాలతో లేరు. అప్పటిదాకా షెషెఫ్‌స్కీ మీద ఇజ్జో లెక్క ఒక గెలుపు, పదకొండు ఓటములు.

నాన్నకి నిబంధనలు చెబుతూ కూర్చున్నాను. ఆయన స్కోరు చూడడం లేదు. కాసేపటికి, "ఒరే, ఆ చిన్నోడెవడ్రా?" అన్నారు. డెట్రాయిట్ కుర్రాడు కాషియస్ విన్‌స్టన్. "వాడు బంతి వైపు చూడటం లేదు చూడు. అవతలివాళ్ళ కాళ్ళు చూస్తున్నాడు."

విన్‌స్టన్ ఆ రోజు 20 పాయింట్లు చేశాడు, పదిసార్లు మిగతావాళ్ళకి బంతి అందించి చేయించాడు, ఒక్కసారే పోగొట్టుకున్నాడు. అరనిమిషం మిగిలి ఉండగా స్కాలర్‌షిప్ కూడా లేకుండా జట్టులో చేరిన కెనీ గాయిన్స్ మూడు పాయింట్ల షాట్ వేశాడు. 68-66. బారెట్‌కి రెండు ఫ్రీ త్రోలు. మొదటిది తప్పింది. తిరిగొచ్చే బంతి అందుకుని సమం చేద్దామని రెండోది కావాలని తప్పించబోతే పడింది. 68-67. ఇక నాలుగైదు సెకన్లు. గీత బయట నుంచి బంతి అందుకోగానే విన్‌స్టన్ ఆగలేదు. తనని పట్టుకోవడానికి వచ్చినవాళ్ళందరినీ తప్పించుకుంటూ ఖాళీగా ఉన్న వైపు పరుగు తీశాడు. కూతకి వెళ్ళినవాడు పట్టులోంచి జారి గీత వైపు దూకినట్టే. నాన్న మఫ్లరు తీసి పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. "పో పో పో" అని తెలుగులో అరుస్తున్నారు. గడియారం సున్నాకి వచ్చేదాకా వాడి చొక్కా కూడా ఎవరికీ అందలేదు.

తర్వాతి శనివారం మినియాపొలిస్‌లో టెక్సస్ టెక్ 61-51తో ఓడించింది. కప్పుల లెక్కలో అదీ సున్నాయే.

2023 ఫిబ్రవరి 13 రాత్రి క్యాంపస్‌లో కాల్పులు జరిగి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు, అయిదుగురు గాయపడ్డారు. మేం చదువుకున్న భవనాల మధ్య, మేం నడిచిన బాటల మీద. రెండు రోజుల తర్వాత వేలమంది పిల్లలు కొవ్వొత్తులతో గుమిగూడితే వాళ్ళతో మాట్లాడడానికి ముందుకొచ్చినవాళ్ళలో ఇజ్జో ఒకడు. అయిదు వారాలు తిరక్కుండా, ఏడో సీడ్‌తో వెళ్ళి రెండో సీడ్ మార్కెట్ (Marquette) యూనివర్సిటీని ఓడించారు. తర్వాత మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కాన్సస్ స్టేట్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 98-93తో ఓడారు. నాకు తెలిసిన ఒక కుర్రవాడు, అప్పుడు అక్కడ ఎమ్మెస్ రెండో ఏడు చదువుతున్నవాడు, కాల్పుల తర్వాత మొదటిసారి గది బయటికి వచ్చి నలుగురితో కలిసి కూర్చుంది ఆ మార్కెట్ ఆట చూడటానికే అని చెప్పాడు.

2025లో ఇజ్జోకి డెబ్భై నిండాయి. ఆటగాళ్ళు ఏడాదికో కాలేజీ మారే కాలం ఇది, డబ్బు బహిరంగంగా చేతులు మారే కాలం. ఇక పాతపద్ధతి మనిషి పని అయిపోయిందన్నారు. ఆ ఏడాది బిగ్ టెన్‌లో 17 గెలుపులు, 3 ఓటములతో మొదటి స్థానం. ఆ కాన్ఫరెన్సులో ఒకప్పటి ఇండియానా కోచ్ బాబ్ నైట్ పేరున ఉన్న అత్యధిక విజయాల రికార్డు ఫిబ్రవరిలో దాటాడు. టోర్నమెంటులో మూడు ఆటలు గెలిచి, నాలుగోది అట్లాంటాలో ఆబర్న్ చేతిలో 70-64తో ఓడాడు. ఇంకొక్కటి గెలిచి ఉంటే తొమ్మిదో ఫైనల్ ఫోర్.

ఆట అయిపోయాక నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ సోమవారం పొద్దున్న. ఫోనులో కాకుల అరుపులు వినిపిస్తున్నాయి, వేపచెట్ల కిందే కూర్చున్నట్టున్నారు. ఓడిపోయారని చెప్పాను. ఎంత తేడా అని అడిగారు. ఆరు అన్నాను. కాసేపు ఏమీ అనలేదు.

"వీళ్ళలో చదువైపోయి వెళ్ళిపోయేవాళ్ళెందరు?" అన్నారు.

నేను పేర్లు చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఒక్కొక్కరి గురించీ అడుగుతున్నారు.